రేగడికో లెక్క, మొరానికో లెక్క

రెండు రోజులు ముసురు పట్టి విడిచిన పొద్దున, తాండూరు దాటి కాగ్నా నది వైపు దిగే ఒక పొలంబాటలో మేం పోతున్న జీపు దిగబడింది. నాలుగు చక్రాలకూ కొత్త బురద టైర్లు. బొటనవేలంత గుబ్బలు, వాటి మధ్య వేలు దూరే సందులు. ముందురోజు అనంతగిరి కింద ఎర్రమొరం బాటల్లో వాననీళ్లు పారుతుండగానే అదే బండి ఎక్కడా జారకుండా ఎక్కింది. ఇక్కడ మాత్రం ఇరవై అడుగులు పోకముందే ఇంజను గొంతు పెరిగింది, బండి ఉన్నచోటే ఉండిపోయింది. దిగి చూస్తే గుబ్బ అనేదే కనబడలేదు. సందులన్నీ నల్లమట్టితో పూడిపోయి, చక్రం నున్నటి రుబ్బురోలు పొత్రంలా మెరుస్తోంది.

కాసేపటికి ఒక ట్రాక్టరు వచ్చింది. నడిపే పెద్దాయన దిగి, టైరు మీద మట్టిని గోటితో గీకి చూశాడు. “టైరు మంచిగనే ఉన్నది సారూ, మన్ను కరుసుకున్నది. గాలెంతున్నది?” అన్నాడు. ముప్పై అయిదు పౌండ్లన్నాం. “రోడ్డుగాలితోని రేగడిల దిగుతరా? సగం తియ్యిండ్రి.” గాలి తీశాం. ఒక కంది పుల్లతో సందుల్లోని మట్టి గెలికాం. ట్రాక్టరు తాడుతో ఒక్క గుంజు గుంజితే బండి పైకొచ్చింది. ఆ తర్వాత మిగిలిన బాటంతా తనంతట తానే నడిచింది.

ఒకే టైరు, ఒకే బండి, ఒకే డ్రైవరు. వికారాబాద్ నుంచి తాండూరుకు నలభై కిలోమీటర్లు. ఆ నలభై కిలోమీటర్లలో టైరు గుణం తలకిందులైంది. మారింది టైరు కాదు, దాని కిందున్న నేల. అందుకే ముందుగా నేల సంగతి చూద్దాం.

వికారాబాద్, అనంతగిరి గుట్టల పైభాగం ఎర్రమట్టి. దాని కింద దక్కన్ లావా రాయి ఉంది. సుమారు 6.6 కోట్ల సంవత్సరాల కిందట పశ్చిమ భారతమంతా పొంగి పారిన లావా అది. ఆ ప్రవాహాల తూర్పు అంచు ఈ చుట్టుపక్కలే ఆగింది. లక్షల ఏళ్ల వానలకు ఆ రాయి పైపొరలో కరిగేదంతా కరిగి కొట్టుకుపోగా, ఇనుము, అల్యూమినియం ఆక్సైడులు మిగిలి గట్టిపడ్డాయి. ఆ గట్టి ఎర్రరాయికి 1807లో ఫ్రాన్సిస్ బుకానన్ అనే స్కాట్లండ్ వైద్యుడు మలబారులోని అంగడిపురంలో లేటరైట్ అని పేరుపెట్టాడు. లాటిన్‌లో ఇటుక అని అర్థం. అక్కడివాళ్లు ఆ రాయిని ఇటుకల్లా కోసి ఇళ్లు కట్టుకోవడం చూసి పెట్టిన పేరు. అది చితికితే వచ్చే గులకమట్టినే మనం మొరం అంటాం. రోడ్డుకింద పరిచేదీ, పునాదుల్లో నింపేదీ అదే. మొరంలోని బంక తడిసినా పెద్దగా ఉబ్బదు. పైన ఒక అంగుళం చిత్తడైనా దాని కింద గట్టి నేల తగులుతుంది.

ధారూరు దాటి తాండూరు వైపు దిగేకొద్దీ నేల రంగు మారుతుంది. అదే లావారాయి నుంచి పుట్టిన మట్టే, కానీ నీళ్లు నిలిచే పల్లంలో చివికింది కాబట్టి నల్లరేగడి అయింది. ఇందులోని బంకమన్ను కణాలు తమలపాకుల కట్టలా పొరలుపొరలుగా ఉంటాయి. నీళ్లు ఆ ఆకుల మధ్యకు దూరి వాటిని ఎడం చేస్తాయి. మట్టి ఉబ్బుతుంది, ఒక ఆకు మీద ఇంకో ఆకు జారుతుంది. ఎండితే కుంచించుకుపోయి బెత్తెడు బీటలు వారుతుంది. ఈ నల్లనేల కింద సున్నపురాయి పలకలున్నాయి. లావా కన్నా ఎంతో ముందు, జీవమంతా ఇంకా సముద్రంలోనే ఉన్న కాలపువి. హైదరాబాదు ఇళ్లలో మన అమ్మమ్మలు అరికాళ్లతో నున్నచేసిన షాబాదు బండలు, తాండూరు నాపరాళ్లు ఆ పలకలే. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు దాని రుచికి, త్వరగా ఉడికే గుణానికి కారణాలు చెబుతూ ఈ లోతైన నల్లమట్టినీ, ఇందులోని ఆటాపుల్గైట్ అనే బంకమన్నునూ, సున్నపురాయినీ ప్రస్తావించారు. కందికి అంత మేలు చేసే మట్టే జీపును మింగింది.

ఇప్పుడు అసలు ప్రశ్న. నేల చక్రానికి పట్టు ఎలా ఇస్తుంది?

దీనికి జవాబు బండ్లకన్నా పాతది. ఫ్రెంచి ఇంజనీరు కూలుంబ్ కోటగోడల మీద మట్టి తోపుడును లెక్కగట్టడానికి 1773లో ఒక సూత్రం చెప్పాడు. మట్టిని కోసి జరపాలంటే రెండు బలాలు అడ్డుపడతాయన్నాడు. ఒకటి కణాలు ఒకదాన్నొకటి అంటిపెట్టుకునే జిగి. రెండోది కణాలు ఒకదాని మీద ఒకటి రాసుకునే ఒరిపిడి. జిగి మీద ఎంత బరువు పెట్టినా మారదు. ఒరిపిడి మాత్రం బరువుతోపాటు పెరుగుతుంది. నానిన రేగడిలో ఉన్నది దాదాపు జిగి ఒక్కటే. గులకమొరంలో, ఇసుకలో ఉన్నది ఎక్కువగా ఒరిపిడి. ఈ ఒక్క తేడా పట్టుకుంటే బురద టైరు శాస్త్రంలో సగం చేతికొచ్చినట్టే.

లెక్కేసి చూద్దాం. బండి బరువు 1,800 కిలోలనుకోండి. ఒక్కో చక్రం మీద 450 కిలోలు. టైరులో గాలి 35 పౌండ్లు, అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు రెండున్నర కిలోల ఒత్తిడి. టైరు గోడల బిగువును పక్కనపెడితే, 450 కిలోలను ఆ ఒత్తిడితో మోయడానికి 183 చదరపు సెంటీమీటర్ల జాగా చాలు. పోస్టుకార్డు కన్నా ఒకటిన్నర రెట్లు. ఇంత పెద్ద బండి నేలను తాకేది నాలుగుచోట్ల ఆ కాస్త మేరే. గాలిని 18 పౌండ్లకు దించితే ఆ జాగా 355 చదరపు సెంటీమీటర్లవుతుంది. దాదాపు రెట్టింపు.

మొరం మీద బండి లాగే బలం బరువును బట్టి వస్తుంది. ఒరిపిడి బరువులో 70 శాతం అనుకుంటే 1,260 కిలోల పట్టు దొరుకుతుంది. చదును బాట మీద అది కావలసినదానికన్నా చాలా ఎక్కువ. రేగడిలో బరువు లెక్కలోకి రాదు, జాగా ఒక్కటే లెక్క. మెత్తబడ్డ రేగడి చదరపు సెంటీమీటరుకు 150 గ్రాములు ఓర్చుకుంటుందని అనుకుందాం. రోడ్డుగాలితో నాలుగు చక్రాలకూ కలిపి దొరికే పట్టు 110 కిలోలు. బురద వెనక్కి గుంజే బలం 150 కిలోలైతే బండి కదలదు. సగం గాలి తీశాక పట్టు 213 కిలోలు. అప్పుడు కదులుతుంది. పైగా పాదం, అంటే టైరు నేలను తాకే మేర, వెడల్పయ్యాక చక్రం అంత లోతుకు దిగదు కాబట్టి వెనక్కి గుంజే బలమూ తగ్గుతుంది. ఇవి నేను లెక్క తేలిగ్గా అర్థం కావాలని పెట్టుకున్న అంకెలు. ప్రతి చేనూ, ప్రతి వానా వీటిని మారుస్తుంది. కానీ లెక్క నడిచే దారి మాత్రం ఇదే. పెద్దాయన గోటితో గీకి, ఒక్క మాటలో తేల్చింది కూడా ఇదే.

మరి గుబ్బల పనేమిటి? చాలామంది గుబ్బలు నేలను గోళ్లలా పట్టుకుంటాయనుకుంటారు. జరిగేది వేరు. గుబ్బ మట్టిలోకి దిగినప్పుడు సందుల్లోకి మట్టి చేరుతుంది. చక్రం తిరిగితే గుబ్బ కొసల వెంట మట్టి తెగాలి. సందుల్లో చిక్కిన మట్టికీ కింది మట్టికీ మధ్య తెగాలి. అంటే రబ్బరు మట్టి మీద జారే చోట, మట్టి మట్టి మీద జారేట్టు గుబ్బలు ఏర్పాటు చేస్తాయన్నమాట. నున్నటి టైరు తడి రబ్బరు జారుడుతోనే ఓడిపోతుంది. గుబ్బల టైరు నేల బలం పూర్తిగా వాడుకునే దాకా ఓడదు. కానీ అక్కడితో సరి. ఎంత ఖరీదు పెట్టి కొన్న టైరైనా కింది మట్టి బలాన్ని దాటి ఒక్క కిలో ఎక్కువ లాగలేదు.

ఈ విషయాన్ని బండ్ల శాస్త్రంగా నిలబెట్టినవాడు పోలండ్‌లో 1905లో పుట్టిన మీచిస్వావ్ బెకర్. రెండో ప్రపంచయుద్ధ కాలం నుంచి కెనడాలోనూ, ఆపైన అమెరికాలోనూ పనిచేశాడు. చక్రం ఎంత లోతుకు దిగుతుంది, దిగినందుకు ఎంత బలం వృథా అవుతుంది అని మట్టిని నొక్కి, తిప్పి కొలిచి సూత్రాలు రాశాడు. ఆయన జ్ఞానం చివరికి చంద్రుడి దాకా పోయింది. 1971లో అపోలో 15 వ్యోమగాములు నడిపిన చంద్రరథానికి రబ్బరు చక్రాలు లేవు. జల్లెడలా అల్లిన ఉక్కుతీగ చక్రాలు, వాటి మీద బాణం కొస ఆకారంలో టైటానియం పట్టీలు. ఆ పట్టీలు తాకే జాగాలో సగం మేరే ఉండేవి, మిగతా సగం ఖాళీ. మన ఊళ్ల ట్రాక్టరు వెనక చక్రం మీదున్న ఆకారం కూడా ఆ బాణం కొసే.

ఆ బాణం కొస ఎందుకో పొలంలో నిలబడి చూస్తే తెలుస్తుంది. ముందుగా కొస నేలను తాకుతుంది, తర్వాత రెక్కలు తాకుతాయి. నొక్కుడుపడ్డ మట్టి కొస నుంచి రెక్కల వెంట పక్కలకు జారి బయటపడుతుంది. టైరును తిరగేసి బిగిస్తే మట్టి అన్నివైపుల నుంచీ మధ్యకు కూరుకుని ఇరుక్కుపోతుంది. అందుకే ట్రాక్టరు టైరు పక్కన తిరిగే దిక్కు చూపే బాణం గుర్తు వేస్తారు. ట్రాక్టరుకు గాలి టైరు రావడం కూడా పెద్ద పాత సంగతేమీ కాదు. 1932లో అమెరికాలో ఫైర్‌స్టోన్, అల్లిస్-చామర్స్ కలిసి తక్కువ గాలి టైర్లతో ట్రాక్టరును నడిపి చూపించేదాకా పొలాల్లో ఇనుపచక్రాలే తిరిగేవి.

ఇనుపచక్రం మాత్రం మన దగ్గర పోలేదు. వరిపొలం కరిగెట చేసేటప్పుడు ట్రాక్టరుకు కేజ్‌వీల్స్ తగిలిస్తారు. ఇనుప పంజరంలాంటి ఆ చక్రాల్లో పట్టీల మధ్య ఉన్నదంతా ఖాళీయే. మట్టి పూడటానికి తావే లేదు, ఇటు దూరి అటు పోతుంది. నా మటుకు ప్రపంచంలో బురద చక్రాలన్నిటిలోనూ నిక్కమైనది ఇదే. రోడ్డు గురించి ఏ మొహమాటమూ పెట్టుకోకుండా, బురద ఏం కోరితే అది ఇచ్చిన చక్రం. అందుకే అది తారురోడ్డు ఎక్కితే రోడ్డు చీలిపోతుంది, పోలీసులు ఆపి జరిమానా వేస్తారు. రబ్బరు బురద టైరు ఈ రెండిటి మధ్యా నడుస్తుంది. పొలంలో కేజ్‌వీల్‌లా నడవాలి, రోడ్డు మీద కారు టైరులా నడవాలి. దాని కష్టాలన్నీ అక్కడి నుంచే మొదలవుతాయి.

మామూలు కారు టైరు పాదంలో మూడోవంతు దాకా సందులు, మిగతా రబ్బరు. బురద టైరులో సందులు సగానికి దగ్గరపడతాయి. కారు టైరు గాడి లోతు కొత్తగా ఉన్నప్పుడు 8 మిల్లీమీటర్లుంటే, బురద టైరుకు 12 నుంచి 15 దాకా ఉంటుంది. మన మెకానిక్కులు ‘బటన్ ఎంతున్నది’ అని అడిగేది ఈ లోతునే. సందులు వెడల్పుగా ఉండటం మట్టి పట్టడానికి మాత్రమే కాదు, పట్టిన మట్టిని వదలడానికి కూడా. పట్టడం ఏ టైరైనా పడుతుంది. వదలడమే అసలు కష్టం.

వదిలించేది ఎక్కువగా చక్రం వేగమే. తిరిగే చక్రం మీదున్న మట్టి పెళ్ల బయటికి విసిరివేయబడటానికి చూస్తుంది. ఆ విసురు వేగం రెట్టింపైతే నాలుగురెట్లవుతుంది. 38 సెంటీమీటర్ల వ్యాసార్ధమున్న చక్రం గంటకు 10 కిలోమీటర్ల వేగంతో తిరుగుతుంటే, గుబ్బల మధ్యనున్న మట్టి తన బరువుకు రెండింతల బలంతో బయటికి లాగబడుతుంది. 20 కిలోమీటర్లకు ఎనిమిదింతలు. 30కి పద్దెనిమిదింతలు. మొరంమట్టి రెండింతలకే రాలిపోతుంది. రేగడి ఎనిమిదింతలకూ ఒక్కోసారి వదలదు. మేం దిగబడ్డ చోట బండి ఈడ్చుకుంటూ నాలుగయిదు కిలోమీటర్ల వేగంతో పోతోంది. అంత నెమ్మదిలో విసురు మట్టి సొంత బరువులో మహా అయితే సగం ఉంటుంది. చక్రం పూడిపోక ఏం చేస్తుంది?

అలాగని నిలిచిపోయాక ఎక్సలేటరు తొక్కడం అంతకన్నా చేటు. నిలబడిన చోట చక్రం గిర్రున తిరిగితే మట్టి వదిలేమాట నిజమే. కానీ ప్రతి గుబ్బా కింద నుంచి ఒక పిడికెడు నేలను తవ్వి వెనక్కి పోస్తుంది. మొరంలో అంగుళం కింద గట్టి నేల తగిలి, గుబ్బలు దాన్ని పట్టుకుని బండి ఎక్కివస్తుంది. అక్కడ తవ్వుడు మేలే చేస్తుంది. రేగడిలో ఎంత తవ్వినా ఇంకా రేగడే. ఇరుసు మట్టికి ఆనే దాకా తవ్వుకుంటూ పోతుంది. ఒకసారి ఇరుసు, చాసిస్ మట్టి మీద కూర్చున్నాయంటే బరువంతా దాని మీదికే పోతుంది, చక్రాలు ఊరికే తిరుగుతాయి. అందుకే అనుభవమున్నవాళ్లు రేగడిలోకి దిగకముందే గాలి తీస్తారు, దిగాక ఒకే వేగంతో ఆగకుండా పోతారు, చక్రం ఊరికే తిరుగుతున్నట్టు తెలియగానే కాలు తీసేస్తారు.

గాలి తీయడంలోనూ ఒక హద్దుంది. పదిహేను పౌండ్ల కిందికి పోతే మలుపులో టైరు రిమ్మును వదిలేయవచ్చు, ఆ సందులోకి ఇసుకరవ్వ దూరితే గాలి నిలవదు. ఇంకా ముఖ్యమైంది, బురద దాటి తారురోడ్డు ఎక్కగానే గాలి మళ్లీ కొట్టించాలి. తక్కువ గాలితో వేగంగా పోతే టైరు పక్కగోడ ప్రతి చుట్టుకూ మడతపడి విచ్చుకుంటుంది. ఆ మడతల వేడికి లోపలి దారాలు రబ్బరును వదిలేస్తాయి. ఆ దెబ్బ బయటికి కనబడదు. కొన్నాళ్ల తర్వాత ఏ ఎండాకాలం మధ్యాహ్నమో టైరు పేలినప్పుడు ఎవరూ ఆ పాత పొలంబాటను తలుచుకోరు.

ఇక మన్నిక. టైరు కొనేవాడు ముందుగా అడిగే ప్రశ్న, ఎన్ని వేల కిలోమీటర్లొస్తుంది అని. బురద టైరు విషయంలో జవాబు కిలోమీటర్లలో లేదు. ఏ నేల మీద తిరిగిన కిలోమీటర్లన్నదే లెక్క. హైదరాబాదు నుంచి ఆదివారం అనంతగిరికి వచ్చే బండి రానూపోనూ నూటయాభై కిలోమీటర్ల తారు తొక్కుతుంది, మట్టిలో మహా అయితే పదో పదిహేనో. దాని టైరును అరగదీసేది ఆ నూటయాభయ్యే. మెత్తటి మట్టి రబ్బరును దాదాపుగా అరగదీయదు.

తారు మీద ఏం జరుగుతుందో ఒక గుబ్బను పట్టుకుని చూద్దాం. పొడవుగా, ఒంటరిగా నిలబడిన గుబ్బ నేలను తాకగానే బరువుకు నలుగుతుంది, బ్రేకుకో మలుపుకో పక్కకు వంగుతుంది. నేలను వదిలే క్షణంలో చటుక్కున నిటారవుతూ తారు మీద రాసుకుంటుంది. తాకిన అంచు కన్నా వదిలే అంచు ఎక్కువ అరుగుతుంది. కొన్ని వేల కిలోమీటర్లు తిరిగిన బురద టైరు మీద అరచేయి ఒక దిక్కుకు పోనిచ్చి చూడండి, నున్నగా పోతుంది. వెనక్కి తెచ్చారా, రంపం పళ్లలా గుచ్చుకుంటుంది. ఆ పళ్లే రోడ్డు మీద ఊళ వేసేవి. అరిగేకొద్దీ రొద పెరగడం అందుకే. ఎనిమిదివేల కిలోమీటర్లకోసారి ముందు టైర్లు వెనక్కి, వెనకవి ముందుకి మార్చుకుంటే ఈ అరుగుడు సమంగా పంచుకుంటాయి. బాడుగ బండ్లవాళ్లు ఈ పని తప్పకుండా చేస్తారు. సొంత బండ్లవాళ్లు మరిచిపోతారు.

తడి తారు మీద బురద టైరు బలహీనమైనది. ఇది కొనేవాళ్లకు ఎవరూ గట్టిగా చెప్పని మాట, నేను గట్టిగానే చెప్పదలిచాను. పాదంలో సగం సందులైతే రోడ్డును పట్టే రబ్బరు సగమే. పైగా కారు టైరు గుబ్బల మీద ఉండే సన్నటి గాట్లు ఇందులో తక్కువ. పలచటి నీటిపొరను తుడిచి పొడి అంచును అందించేవి ఆ గాట్లే. వానలో చేవెళ్ల వైపు మర్రిచెట్ల కింద, ఎదురుగా టిప్పర్లు వచ్చే ఆ ఇరుకు రోడ్డు మీద, బురద టైరున్న బండి ఆగడానికి ఎక్కువ దూరం పడుతుంది. ముందు బండికి ఎడం పెంచుకోవడం తప్ప దీనికి మందు లేదు.

టిప్పరు డ్రైవర్లకు ఈ తేడా పనిలోనే పట్టుబడింది. తాండూరు సిమెంటు కర్మాగారాలకూ, నాపరాతి గనులకూ తిరిగే బండ్లను గమనించండి. ముందు చక్రాలకు నిలువుగీతల టైర్లు, వెనక చక్రాలకు అడ్డగుబ్బల టైర్లు. ముందువి తిప్పాలి, రోడ్డును నిదానంగా పట్టాలి. వెనకవి గని గుంతలోంచి బరువును లాగాలి. పని ఎక్కడుందో గుబ్బ అక్కడే పెట్టారు.

ఆ గనుల దారులే బురద టైరుకు అసలైన పరీక్ష. నాపరాయి పలకలుగా విరుగుతుంది, విరిగిన ప్రతి ముక్కకూ కత్తిలాంటి అంచు ఉంటుంది. గనుల చుట్టూ, పాలిషింగు యూనిట్ల పక్కనా ఆ వృథా ముక్కలు గుట్టలుగా పోసి ఉంటాయి. వాటినే గుంతల్లో నింపుతారు. పొడి రోజున రబ్బరు ఆ అంచు మీద కాస్త వంగి తప్పించుకుంటుంది. తడి రోజున తప్పించుకోలేదు. తాండూరు రోడ్డు పక్కన ఒక పంక్చరు కొట్టులో గంటసేపు కూర్చున్నప్పుడు దీన్ని కళ్లారా చూశాను. కొట్టతను పాత ట్యూబులోంచి ముక్క కోయాలి. కత్తిని ముందు నీళ్లతొట్టిలో ముంచాడు. తర్వాత ట్యూబు మీద పెట్టి లాగితే వెన్నలో దిగినట్టు దిగింది. పొడికత్తితో కోసి చూపించమని అడిగాను. కత్తి పట్టుకుపోయి, రబ్బరు సాగి, అంచు గతుకులు గతుకులుగా వచ్చింది. “నీళ్లుంటె రబ్బరు కత్తిని పట్టది అన్నా, ఇడిసి పెడ్తది” అన్నాడు. నీరు కందెనలా పనిచేసి కత్తి అంచును లోపలికి పంపిస్తుంది. వానాకాలంలో ఆ కొట్టుకు కోతపడ్డ టైర్లు ఎక్కువ వచ్చేది కూడా అందుకేనన్నాడు.

కోత పాదంలో పడితే అతుకు వేస్తారు. పక్కగోడలో పడితే అతుకు నిలవదు, టైరు పోయినట్టే. రబ్బరు గోడలో బలమంతా లోపలి దారాల పొరలది. నడిచినంతసేపూ మడతపడే చోట ఏ అతుకూ ఓర్చుకోలేదు. అందుకే బురద టైర్ల తయారీలో పక్కగోడకు అదనపు పొర వేస్తారు, పాదం గుబ్బల్లో కొన్నిటిని భుజం మీదుగా గోడ మీదికి దింపుతారు. లోతు గాడిలో పడ్డప్పుడు ఆ పక్కగుబ్బలు గాడి గోడను పట్టి బండిని పైకి లాగుతాయి, రాతి అంచుకు ముందు తామే ఎదురెళ్తాయి. రబ్బరు పాళ్లలోనూ తేడా ఉంది. కోతను, చిట్లుడును ఓర్చుకోవడానికి చెట్టురబ్బరు ఎక్కువ కలుపుతారు. నల్లమసి కలిపితే రబ్బరు గట్టిపడుతుంది, ఎండకూ ఓర్చుకుంటుంది. ఇంతకీ ఈ పనంతా మనకు దూరదేశంలో జరగడం లేదు. వికారాబాద్‌కు ఉత్తరాన సదాశివపేటలో ఎంఆర్‌ఎఫ్ కర్మాగారం ఉంది. 1946లో మద్రాసులో పిల్లల బెలూన్లు తయారుచేస్తూ మొదలైన సంస్థ అది. ఇంకాస్త ముందుకు పోతే జహీరాబాద్‌లో మహీంద్రా ట్రాక్టర్లు తయారవుతాయి. 1947 తర్వాత విల్లీస్ జీపుల విడిభాగాలు తెచ్చి బిగించిన సంస్థ అదే. చక్రమూ, టైరూ, అవి తిరగాల్సిన ఎర్రనేలా నల్లనేలా ఒకే ప్రాంతంలో కలిసి ఉన్నాయి.

గుబ్బల సందుల్లో ఇరికే గులకరాళ్లు చిన్నవిగా కనబడతాయి గాని పెద్ద చేటు చేస్తాయి. ఇరికిన రాయి ప్రతి చుట్టుకూ కాస్త కాస్తగా లోపలికి దిగి, చివరికి దారాల దాకా చేరుతుంది. లారీ క్లీనర్లు టీ తాగడానికి ఆగినచోటల్లా స్క్రూడ్రైవరుతో రాళ్లు పీకుతుంటారు. కొన్ని బురద టైర్లలో సందుల అడుగున చిన్న రబ్బరు మెట్లు ఉంటాయి. రాయి అడుగుకు దిగకుండా పైకి నెట్టడమే వాటి పని. వాటిని అరుగుదల గుర్తులనుకుని పొరబడేవాళ్లున్నారు. అసలు గుర్తు 1.6 మిల్లీమీటర్ల ఎత్తున గాడి అడుగున అడ్డంగా ఉంటుంది. కారు టైరుకు చట్టం చెప్పే హద్దు అది. కానీ బురద టైరు అంతదాకా అరిగేలోపే, సగం లోతులోనే, బురద టైరుగా పనికిరాకుండా పోతుంది. రోడ్డు మీద ఇంకా ఏళ్లు తిరగవచ్చు, రేగడిలో మాత్రం అది నున్నటి టైరు కిందే లెక్క.

అరగకుండానే ముసలిదయ్యే టైర్లూ ఉన్నాయి. ఇంటిముందు ఎండలో నిలబెట్టి నెలకోసారి గుట్టలెక్కించే బండ్లవి. గాలిలోని ఓజోను, ఎండ, రబ్బరు గొలుసులను తెంపుతాయి. దాన్ని ఆపడానికి రబ్బరులో కలిపిన మైనం, టైరు తిరిగినప్పుడే పైకి ఊరి పొరలా కాపాడుతుంది. కదలని టైరుకు ఆ కాపు అందదు. పక్కగోడ మీద నాలుగంకెల ముద్ర చూడండి. 2324 అని ఉంటే 2024వ సంవత్సరం ఇరవై మూడో వారంలో తయారైందని. పాత బండి కొనేటప్పుడు బటన్ లోతు చూసి మురిసిపోయేముందు ఈ నాలుగంకెలు చూడాలి. గుబ్బల మొదట్లో వెంట్రుకల్లాంటి బీటలు కనబడితే, లోతెంత ఉన్నా ఆ టైరును రాళ్లలోకి తీసుకుపోకూడదు.

టైరు మీద నేల చేసేది ఇంతసేపూ చెప్పాను. నేల మీద టైరు చేసేది కూడా ఈ లెక్కల్లోంచే వస్తుంది. గుబ్బ ప్రతిసారీ మట్టిని కోస్తుంది, బరువు ప్రతిసారీ నొక్కుతుంది. రేగడిలో మేం చేసిన గాడి మోకాలి లోతుంది. దాన్ని చూసి ఆ చేనుగల రైతు ముందు నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఆయన మాత్రం, “ఎండకాలం నేలనే మింగుతది తియ్యి” అన్నాడు. నిజమే. వేసవిలో రేగడి బీటలువారి, పైమట్టి రాలి ఆ బీటల్లో పడి, మళ్లీ వానకు ఉబ్బి, తన్ను తానే కలియదున్నుకుంటుంది. నొక్కుడుపడ్డ చోటు ఏళ్లు గడిచేకొద్దీ వదులవుతుంది. ఆ మరుసటి వేసవిలో అటు పోయినప్పుడు గాడి సగానికి పైగా పూడి, వంకరటింకర బీటల్లో కలిసిపోయి ఉంది.

అనంతగిరి వాలు మీద ఆ వరం లేదు. మొరం ఉబ్బదు, బీటలువారదు. ఒకసారి గడ్డి చిట్లి, గుబ్బలు పైపొరను లేపేశాక అది తనకుతాను పూడదు. అడవిశాఖ అనుమతి లేని చోట బండ్లను పోనివ్వకపోవడానికి ఇంతకన్నా బలమైన కారణం అక్కర్లేదు. ఈ గుట్టల మీద పడ్డ వాన రెండు దిక్కులకు పోతుంది. తూర్పుకు పారింది మూసీ అవుతుంది, పడమటికి పారింది కాగ్నాలో చేరి, భీమాతో కలుస్తుంది. చివరికి రెండూ కృష్ణకే చేరతాయి. పోయిన జూన్‌లో తొలివాన పడ్డ సాయంత్రం గుట్ట మీద నిలబడి చూశాను. ఎవరో ఎప్పుడో ఎక్కించిన బండి జాడలు రెండు గడ్డిలో ఎర్రగీతల్లా వాలు దిగుతున్నాయి. గడ్డి ఉన్నచోట నీళ్లు ఇంకుతున్నాయి. ఆ రెండు గీతల్లో మాత్రం వాన పక్కపక్కనే రెండు సన్నటి కాలువలై, మొరాన్ని కోసుకుంటూ, ఎర్రగా కిందికి పరుగెత్తుతోంది.